గుమాస్తా లేని చిట్టా

గుంటూరు బ్రాడీపేటలో మాది ఇన్‌కంటాక్స్ రిటర్నులు వేసే ఆఫీసు. జులై వచ్చిందంటే మెట్ల మీద కూడా జనమే. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులు, హైదరాబాదులోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సెలవుకి ఇంటికొచ్చిన పిల్లలు. ఈ పిల్లల కాయితాల్లో కొన్నేళ్లుగా ఒక కొత్త పద్దు తగులుతోంది. రిటర్ను ఫారంలో దానికి వేరే షెడ్యూలే ఉంది. దాన్ని నింపే రోజున టీ రెండోసారి తెప్పించుకోవాలి.

మొన్నటి సీజన్లో ఒక కుర్రాడు ఫోనులోంచి లెక్క చూపించాడు. ఒక క్రిప్టో కాయిన్‌లో లక్ష వచ్చింది, ఇంకోదాంట్లో ఎనభై వేలు పోయింది. “మొత్తమ్మీద నాకు మిగిలింది ఇరవై వేలే మేడం. దానికెంత కట్టాలి?” అన్నాడు.

“31,200.”

నేను లెక్క తప్పానేమోనని మళ్లీ అడిగాడు. తప్పలేదు. 2022 బడ్జెట్‌లో పెట్టిన పద్ధతి ప్రకారం ఆ ఏడాది ఏప్రిల్ నుంచీ క్రిప్టో లాభం మీద పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు. ఒక కాయిన్‌లో పోయినదాన్ని ఇంకో కాయిన్‌లో వచ్చినదాంట్లోంచి తీసెయ్యడానికి లేదు. వచ్చే ఏటికి తీసుకుపోవడానికీ లేదు. అదే షేర్లయితే పోయింది, వచ్చింది సర్దుకుని, ఇంకా నష్టం మిగిలితే ఎనిమిదేళ్లు ముందుకు మోసుకుపోవచ్చు. ఈ అబ్బాయికి ఇరవై వేలు మిగిలాయి, పన్ను ముప్పై ఒక్క వేలు పైన పడింది. అంటే ఏడాదంతా రాత్రిళ్లు మేలుకుని, చివరికి 11,200 చేతి డబ్బు వదిలించుకున్నాడు.

దీనికి తోడు అమ్మిన ప్రతిసారీ అమ్మకం మొత్తం మీద ఒక శాతం టీడీఎస్. ఒక శాతమే కదా అనిపిస్తుంది. లక్ష రూపాయలు పెట్టి, లాభం నష్టం లేకుండా యాభై సార్లు కొని అమ్మారనుకోండి. చేతిలో మిగిలేది అరవై వేల చిల్లర. తక్కిన దాదాపు నలభై వేలు ప్రభుత్వం దగ్గర జమ. రిటర్ను వేశాక రిఫండు వస్తుంది, నిజమే. ఈలోపు ఆ కుర్రాడి పెట్టుబడి ఢిల్లీలో కూర్చుని ఉంటుంది.

లాటరీ మీద, గుర్రప్పందేల గెలుపు మీద కూడా మన దగ్గర ఇదే 30 శాతం. కొన్నప్పటి ఖరీదు తీసేసుకోనిస్తారన్న తేడా తప్ప, ప్రభుత్వం క్రిప్టోని ఏ వరసలో కూర్చోబెట్టిందో చెప్పకనే చెప్పింది. ఆ 2022 ఫిబ్రవరిలోనే అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ శక్తికాంత దాస్ ఇంకొంచెం ఘాటుగా, దీని వెనక ఆస్తి ఏదీ లేదని, కనీసం ఒక తులిప్ పువ్వు కూడా లేదని అన్నారు. ఆయన అన్నది ఇదంతా బుడగ అనే వైపు వాదన. కాలేజీ కుర్రాళ్లు అనేది ఇది కొత్త టెక్నాలజీ అనే వైపు వాదన. రెండు వైపులవాళ్ల కాయితాలూ నా బల్ల మీదికే వస్తాయి కాబట్టి నాకు కనపడేదేదో నేను చెబుతాను.

మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాగా చేసేవారు. పగలు చిట్టా రాసి, రాత్రికి ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఏ రైతు ఎన్ని టిక్కీలు తెచ్చాడు, ఏ ధర పలికింది, హమాలీ ఎంత, కాటా కూలి ఎంత, ముందు తీసుకున్న అడ్వాన్సు ఎంత, అన్నీ ఆ పుస్తకాల్లోనే. రైతుకీ షావుకారుకీ మాట తేడా వస్తే పుస్తకం తీసేవారు. పుస్తకాన్ని నమ్మడమంటే దాన్ని రాసే మనిషిని నమ్మడమే. బ్యాంకు చేసే పనీ అదే. మీరు నాకు వెయ్యి రూపాయలు పంపారంటే ఎక్కడా నోట్లు కదలవు, బ్యాంకు మీ పేరున ఒక అంకె తగ్గించి నా పేరున పెంచుతుంది.

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అన్న పేరుతో ఎవరో తొమ్మిది పేజీల పత్రం ఒకటి బయటపెట్టారు. అప్పటికి అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలి నెలన్నర. బ్యాంకుల మీద జనానికి గురి పోయి ఉన్న సమయం. గుమాస్తా లేకుండా చిట్టా రాయడం ఎలా అన్నదే ఆ పత్రంలోని సంగతి. దానికి పెట్టిన పేరు బిట్‌కాయిన్. 2009 జనవరి 3న రాసిన మొట్టమొదటి పుటలో, బ్యాంకులను ఆదుకోవడానికి బ్రిటన్ ఆర్థికమంత్రి రెండో ప్యాకేజీ ఇవ్వబోతున్నాడన్న ఆనాటి లండన్ టైమ్స్ శీర్షికను పొదిగి పెట్టారు. ఆ సతోషి ఎవరో ఈనాటికీ తేలలేదు.

కంప్యూటర్‌లో డబ్బుకున్న చిక్కు ఏమిటంటే, దేన్నయినా నకలు తీయొచ్చు. నేను మీకు వాట్సాప్‌లో ఫోటో పంపితే అది మీ దగ్గరా ఉంటుంది, నా దగ్గరా ఉంటుంది. డబ్బుకి ఆ వీలుంటే ఒకే నోటు పది మందికి ఇచ్చేస్తారు. అందుకే మధ్యలో లెక్క రాసేవాడు కావలసి వచ్చాడు. బిట్‌కాయిన్‌లో ఆ లెక్క పుస్తకం నకళ్లు ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో ఉంటాయి. సుమారు పది నిమిషాలకొక కొత్త పుట చేరుతుంది. ఆ పుట రాసే హక్కు ఎవరిదో తేల్చడానికి ఒక పోటీ. ఒక షరతుకి సరిపోయే అంకె దొరికేదాకా యంత్రాలు గుడ్డిగా వెతుకుతూ పోతాయి. ముందు దొరకబుచ్చుకున్నవాడు పుట రాస్తాడు, వాడికి కొత్త బిట్‌కాయిన్లు కూలి. ప్రతి పుట మీదా దాని ముందు పుట వేలిముద్ర ఉంటుంది. వెనక ఎక్కడో ఒక్క అంకె దిద్దితే ఆ తర్వాతి పుటలన్నిటి వేలిముద్రలూ తేడా కొడతాయి. దొంగలెక్క నిలబెట్టాలంటే అవన్నీ తిరిగి రాయాలి, అదీ మిగతా ప్రపంచమంతా కలిసి కాల్చే కరెంటు కంటే ఎక్కువ కాల్చి.

మొత్తం ఎన్ని బిట్‌కాయిన్లు ఉండాలో కూడా ముందే రాసిపెట్టారు. 2 కోట్ల 10 లక్షలు, అంతే. మొదట్లో పుటకి 50 ఉన్న కూలి నాలుగేళ్లకోసారి సగమవుతూ 2024 ఏప్రిల్‌లో 3.125కి వచ్చింది. నోట్లు అచ్చువేసినట్టు వేసుకుంటూ పోవడం ఎవరి చేతిలోనూ లేదు.

దీన్ని ఉత్త మోసమని కొట్టిపారేసేవాళ్లతో నాకు పడదు. ఒకరినొకరు ఎరగని మనుషులు, ఎవరినీ పెద్దమనిషిగా పెట్టుకోకుండా ఒకే లెక్క మీద ఒప్పుకోగలగడం చిన్న సంగతేమీ కాదు. పదిహేనేళ్లు దాటినా ఆ పుస్తకంలో వెనకటి పుటలు ఎవరూ దిద్దలేకపోయారు. దీనికయ్యే కరెంటు మాత్రం ఒక మధ్యతరహా దేశం ఏడాదికి వాడేంత. ఎథీరియం అనే ఇంకో కాయిన్ వాళ్లు 2022 సెప్టెంబరులో పద్ధతి మార్చుకుని ఆ ఖర్చు 99 శాతానికి పైగా తగ్గించారు. బిట్‌కాయిన్ పాత దారిలోనే ఉంది.

మరి మనం వినే దొంగతనాలన్నీ ఎక్కడివి? పుస్తకంలో జరిగినవి కావు, కాయిన్లు కొని అమ్మే దుకాణాల్లో, అంటే ఎక్స్‌ఛేంజీల్లో జరిగినవి. 2014 ఫిబ్రవరిలో టోక్యోలోని మౌంట్ గాక్స్ మూతపడినప్పుడు ఎనిమిదిన్నర లక్షల బిట్‌కాయిన్లు గల్లంతయ్యాయన్నారు, ఆ తర్వాత అందులో రెండు లక్షలు దొరికాయి. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ కూలింది. ఖాతాదారుల డబ్బు సొంత ట్రేడింగ్ కంపెనీకి మళ్లించిన దాని యజమాని శామ్ బ్యాంక్‌మన్ ఫ్రీడ్‌కి పాతికేళ్ల జైలు పడింది. మన దేశంలో 2024 జులై 18న వజీర్‌ఎక్స్ వాలెట్ నుంచి 23 కోట్ల డాలర్లు దాటిన సొత్తు పోయింది. ఉత్తర కొరియా హ్యాకర్ల పనేనని అమెరికా, జపాన్, దక్షిణ కొరియా కలిసి ప్రకటించాయి. ఖాతాదారులు మాత్రం సింగపూరు కోర్టులో పునర్వ్యవస్థీకరణ తేలేదాకా ఏడాదికి పైగా ఎదురు చూశారు.

గుమాస్తా అక్కర్లేని పుస్తకం చేతికిస్తే, జనం వెళ్లి కొత్త గుమాస్తాని వెతుక్కున్నారు. నా దగ్గరికొచ్చే పిల్లల్లో దాదాపు అందరివీ ఎక్స్‌ఛేంజీ ఖాతాలే. వాళ్ల ఫోనులో కనపడే అంకె బిట్‌కాయిన్ పుస్తకంలో వాళ్ల పేరున లేదు. ఆ కంపెనీ ‘మీకు ఇంత ఇవ్వాలి’ అని తన పుస్తకంలో రాసుకున్న అంకె అది. బ్యాంకులో అయితే ఐదు లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, ఫిర్యాదుకి అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఇక్కడ రెండూ లేవు. టెక్నాలజీ మీద నమ్మకంతో పెట్టానని ఎవరైనా నాతో అంటే, “బాబూ, నువ్వు నమ్మింది కంపెనీని” అంటాను. వినేవాడు తక్కువ.

ఇక ధర. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ 69 వేల డాలర్ల దగ్గరికి వెళ్లింది. సరిగ్గా ఏడాదికి 16 వేలకి పడింది. 2024 డిసెంబరులో లక్ష దాటింది, 2025 అక్టోబరులో లక్షా పాతిక వేలు దాటింది, నవంబరులో మళ్లీ 90 వేల కిందికి వచ్చింది. బుడగ అనేవాళ్లకి ఇందులో సాక్ష్యం ఉంది. కాదనేవాళ్లకీ ఉంది, ఎందుకంటే మామూలు బుడగ ఒకసారి పగిలితే మళ్లీ ఊదినా లేవదు.

మా ఊళ్లో స్పెక్యులేషన్ అంటే ఏమిటో పుస్తకాలు చదివి తెలుసుకోనక్కర్లేదు. మార్చిలో మిర్చి కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టి, నవంబరు ధర మీద ఆశపెట్టుకునేవాళ్లు వీధికి నలుగురు. కొందరు మేడలు కట్టారు, కొందరు మేడలు అమ్ముకున్నారు. అయినా మిర్చికి ఒక నేల ఉంది. ఎంత పడినా ఎక్కడో ఎవరో పచ్చడి పెడతారు, కారం ఆడిస్తారు, రంగు తీయడానికి ఫ్యాక్టరీ కొంటుంది. 2025లో ధర మరీ పడిపోతే కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలని ఒక అంకె ప్రకటించింది. బిట్‌కాయిన్‌కి ఆ నేల ఎక్కడుందో నాకు కనపడదు. అద్దె రాదు, డివిడెండు రాదు, వడ్డీ రాదు. నా తర్వాత వచ్చేవాడు నాకంటే ఎక్కువ ఇస్తాడన్న ఆశ ఒక్కటే దాని రాబడి. బంగారం కూడా అంతేగా అంటారు. కొంతవరకు నిజమే, కానీ బంగారాన్ని కూతురి మెళ్లో వేసి పెళ్లి చేయొచ్చు.

బిట్‌కాయిన్ సంగతే ఇలా ఉంటే, మిగతా వేల కాయిన్ల గురించి చెప్పనే అక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో లూనా అన్న కాయిన్ వంద డాలర్ల పైన ఉంది. దాని జంట కాయిన్ డాలరుకి సమానంగా ఉంటుందని, దాచుకుంటే ఏడాదికి సుమారు ఇరవై శాతం వడ్డీ అని చెప్పారు. ఇరవై శాతం అన్న మాట వినగానే గుంటూరులో పెద్దవాళ్లెవరైనా చెప్పులేసుకుని బయటికి నడుస్తారు. మే నెలలో ఒక్క వారంలో రెండూ పోయాయి. ఆ సంవత్సరం నేను నింపిన షెడ్యూళ్లలో లూనా అన్న పేరు ఎదురైతే లాభం గడి చూడాల్సిన పని ఉండేది కాదు.

అయితే ఇది ఎక్కడైనా పనికొస్తుందా అంటే, వస్తుంది. 2023లో అర్జెంటీనాలో ఏడాది ద్రవ్యోల్బణం 200 శాతం దాటింది. జీతం పడిన రోజునే డాలర్లు చేసుకోకపోతే నెలాఖరుకి ఆ డబ్బు కరిగిపోయేది. డాలర్లు కొనడానికి అప్పట్లో ప్రభుత్వం అడ్డు. అలాంటి చోట ఫోనులో డాలరు కాయిన్ కొనుక్కోవడం జూదం కాదు, ఇల్లు నడుపుకోవడం. యూఎస్‌డీటీ, యూఎస్‌డీసీ లాంటి వీటిని స్టేబుల్‌కాయిన్లు అంటారు. ఒక్కో కాయిన్‌కీ వెనక ఒక్కో డాలరో, అమెరికా ప్రభుత్వ బాండో పెట్టామని కంపెనీ చెబుతుంది. ఇక్కడా గుమాస్తా లేకుండా పోలేదు. నిల్వల గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పలేదని యూఎస్‌డీటీ కంపెనీకి 2021లో అమెరికా నియంత్రణ సంస్థ 4 కోట్ల 10 లక్షల డాలర్ల జరిమానా వేసింది. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మునిగినప్పుడు యూఎస్‌డీసీ నిల్వలు కొన్ని అందులో ఇరుక్కుని, ‘డాలరు’ కాస్తా 87 సెంట్ల దాకా దిగింది. నాలుగు రోజుల్లో తేరుకుంది.

ఎల్ సాల్వడార్ ముచ్చట వేరు. 2021లో బిట్‌కాయిన్‌ని ఏకంగా చట్టబద్ధ కరెన్సీ చేసి, వాలెట్ తెరిచినవాళ్లకి 30 డాలర్లు ఇచ్చింది. జనం ఆ 30 డాలర్లు ఖర్చుపెట్టుకుని మళ్లీ నోట్లకే వచ్చారు. 2025 జనవరిలో, ఐఎంఎఫ్ అప్పు ఒప్పందంలో భాగంగా, దుకాణదారులు బిట్‌కాయిన్ తీసుకోవాల్సిందే అన్న నిబంధన ఎత్తేశారు.

మన దగ్గర బిట్‌కాయిన్‌లో చెల్లించే అవసరం ఎందుకు పుట్టలేదంటే, యూపీఐ ముందే వచ్చి కూర్చుంది. 2025 ఆగస్టులో ఒక్క నెలలో రెండు వేల కోట్ల లావాదేవీలు. సెకనుకి లెక్క వేస్తే ఏడు వేలకు పైనే. బిట్‌కాయిన్ పుస్తకంలో సెకనుకి పట్టేవి ఏడు. మా ఊళ్లో శంకర్ విలాస్ దగ్గర పునుగుల బండి మీద అంటించిన క్యూఆర్ కోడ్‌కి ఇరవై రూపాయలు కొడితే బండివాడికి క్షణంలో చేరుతుంది, ఖర్చు లేదు. పది నిమిషాలు ఆగి, రుసుము కట్టి బిట్‌కాయిన్‌లో పునుగులు కొనమంటే ఎవరు కొంటారు?

దేశం దాటి వచ్చే డబ్బు దగ్గర మాత్రం వాదన కొంచెం బలంగానే ఉంది. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో 200 డాలర్లు ఇంటికి పంపాలంటే సగటు ఖర్చు ఆరు శాతానికి పైగా. కడప, రాయచోటి వైపు నుంచి, కోనసీమ నుంచి కువైట్ వెళ్లి ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకి నెలనెలా ఆ తేడా చిన్నదేం కాదు. గల్ఫ్ నుంచి ఇండియాకి మిగతా చోట్ల కంటే చవకే అయినా, ఇంకా చవగ్గా పంపొచ్చని చెప్పేవాడి మాట చెవికెక్కుతుంది.

అలా చెవికెక్కించుకున్న కుటుంబమొకటి నా దగ్గరికి వచ్చింది. కొడుకు గల్ఫ్ నుంచి యూఎస్‌డీటీ పంపాడు. ఇక్కడ తండ్రి ఒక యాప్‌లో ఎవరికో అమ్మాడు. కొన్నవాడు యూపీఐలో డబ్బు వేశాడు. ఎక్స్‌ఛేంజీ మధ్యలో కుదిర్చి పెట్టడమే, డబ్బు నేరుగా మనిషి నుంచి మనిషికి. డాలరుకి బ్యాంకు రేటు కంటే రెండు మూడు రూపాయలు ఎక్కువే గిట్టింది. కొన్నాళ్లకి ఆయన ఖాతా స్తంభించింది. బ్యాంకుకి వెళ్తే, ఇంకో రాష్ట్రం సైబర్ పోలీసులు ఆపమన్నారని చెప్పారు. ఆ కొన్నవాడు వేసిన డబ్బు ఎక్కడో ఎవరినో మోసం చేసి లాగింది. మోసపోయిన మనిషి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే, పోలీసులు డబ్బు వెళ్లిన దారి పట్టుకుని వరసగా ఖాతాలన్నీ ఆపేశారు. ఈయన ఖాతా ఆ దారిలో ఒక మెట్టు. పెన్షన్ కూడా అందులోనే పడుతుంది. “నేను చేసిన తప్పేంటమ్మా?” అంటాడు ఆ పెద్దాయన. అమ్మింది తన సొత్తే, తీసుకున్నది న్యాయమైన ధరే. నాలుగు రూపాయలు కలిసొచ్చిన చోట, ఎదుటి మనిషి డబ్బు ఎలాంటిదో చూసే బాధ్యత కూడా ఆయనకే వచ్చి పడింది. బ్యాంకు మనకి విసుగు పుట్టించే ఆ కాయితాలన్నీ అడిగేది అందుకే.

కాయిన్ సంగతి వదిలేసి, బ్లాక్‌చెయిన్ అనే ఈ పుస్తకం పద్ధతి ఒక్కటీ తీసుకుందామన్నవాళ్లూ ఉన్నారు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి రికార్డులకి బ్లాక్‌చెయిన్ వాడి చూసే పని మొదలుపెట్టింది. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ చిట్‌ఫండ్లని కనిపెట్టి చూడడానికి టీ-చిట్స్ తెచ్చింది. రెండోదాంట్లో నాకు అర్థం కనపడుతుంది. చిట్టీ పాట ఎంతకి పోయింది, ఎవరు పాడారు అన్నది పాట జరిగిన రోజునే అందరి ముందూ పడితే, ఆ తర్వాత ఫోర్‌మన్ దాన్ని దిద్దలేడు. మన చిట్టీల్లో గొడవలకి అసలు కారణమే ఆ దిద్దుబాటు. భూమి దగ్గరికి వచ్చేసరికి అలా కుదరదు. అన్నదమ్ములు పంచుకోని పొలాన్ని ఒక్కడే తన పేరున రాయించుకుని, ఆ రాతను బ్లాక్‌చెయిన్‌లో పెడితే, ఎవరూ చెరపలేని తప్పుడు రాత తయారవుతుంది. రాసిన తర్వాత మారకుండా చూడడం దాని పని. రాసేముందు చూడాల్సింది వీఆర్వోనే.

కాబట్టి బుడగా, టెక్నాలజీయా అని నన్నడిగితే, ఎక్కడ నిలబడి అడుగుతున్నారని ఎదురడుగుతాను. అర్జెంటీనా బ్యూనస్ ఎయిర్స్‌లో జీతగాడికి డాలరు కాయిన్ పనిముట్టు. బ్రాడీపేటలో సాఫ్ట్‌వేర్ కుర్రాడికి అది ధర మీద పందెం. పందెం తప్పని నేననను. పోయినా ఇంట్లో పొయ్యి ఆగని డబ్బయితే, వాడిష్టం. అప్పు తెచ్చి పెట్టానన్నవాళ్లని మాత్రం కూర్చోబెట్టి చెబుతాను, ఫీజు లేకుండా.

చట్టం కూడా ఒక్క మాట మీద లేదు. 2018లో రిజర్వు బ్యాంకు బ్యాంకులని క్రిప్టో జోలికి పోవద్దంటే, 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. పన్ను మాత్రం లాటరీతో సమానం. 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు క్రిప్టో ఆస్తేనని, దాన్ని కలిగి ఉండొచ్చని, ఇంకొకరి తరఫున నమ్మకంగా ఉంచొచ్చని తీర్పు చెప్పింది.

ఆస్తి అన్నాక వీలునామా వస్తుంది. రిటైరైన ఇంజనీరు ఒకాయన ఆ తీర్పు కాయితం పట్టుకుని వచ్చారు. ఆయన ఎక్స్‌ఛేంజీలని నమ్మే మనిషి కాదు. ఎప్పుడో కొన్న కొద్దిపాటి బిట్‌కాయిన్‌ని సొంత వాలెట్‌లో ఉంచుకున్నారు. దాని తాళం పన్నెండు ఇంగ్లిషు మాటలు. ఆ మాటలు తెలిసినవాడిదే సొత్తు. మర్చిపోతే చెప్పే ఆఫీసు లేదు, నామినీ గడి లేదు. “వీలునామాలో రాసేస్తే పోదా అమ్మా?” అన్నారు. వీలునామా ఒకసారి బయటికొస్తే నలుగురి చేతుల్లో తిరుగుతుంది, చదివిన ప్రతివాడూ వారసుడే అవుతాడు అన్నాను. ఆలోచించి, సొత్తు మాత్రం కూతురికి రాశారు. పన్నెండు మాటలు కాయితం మీద రాసి, కవర్లో పెట్టి, లక్క వేసి, తన పేరూ కూతురి పేరూ కలిపి బ్యాంకులో లాకరు తీసుకుని అందులో పెట్టారు. లాకరు అద్దె మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ ఎందుకని బ్యాంకు మేనేజరుతో గొడవ పెట్టుకున్నారట.